ముసుగు వీరులు - వారి సంకల్పాలు

వేసవి సెలవుల్లో ఒక రాత్రి మా ఇంట్లో పిల్లలంతా టీవీ ముందు చేరి ‘ఐరన్ మ్యాన్’ చిత్రం చూస్తున్నారు. అఫ్ఘానిస్తాన్‌లోని ఒక గుహలో కథానాయకుడిని బంధించిన ముఠా కనిపించింది. వారి మాటలు విన్న పదేళ్ళ పిల్లవాడు మా వైపు తిరిగి, “అబ్బాజాన్, వీళ్ళు మనలాగే ఉర్దూ మాట్లాడుతున్నారేమిటి? వీళ్ళు చెడ్డవాళ్ళు కదా!” అన్నాడు. దాదీతో, ఖాలాతో తాను రోజూ మాట్లాడే భాషను వాడు దుర్మార్గుల నోట వినడం అదే మొదటిసారి. మేము వెంటనే సమాధానం చెప్పలేకపోయాము.

ఇవి కేవలం కాలక్షేపం కోసం తీసిన చిత్రాలనీ, వీటిలో రాజకీయాలు వెదకనక్కర లేదనీ చాలామంది భావిస్తారు. కాని ఈ వీరులు పుట్టిందే రాజకీయాల మధ్య. 1938లో సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. ఆర్థిక మాంద్యం నాటి ఆ తొలి కథల్లో సూపర్‌మ్యాన్ తలపడినది అవినీతి నాయకులతో, కార్మికుల ప్రాణాలను లెక్కచేయని గని యజమానితో, భార్యను కొట్టే భర్తతో. 1941 మార్చి నాటి తొలి సంచిక ముఖచిత్రంపై కెప్టెన్ అమెరికా హిట్లర్ ముఖం మీద పిడిగుద్దు కురిపించాడు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగనేలేదు!

ఆయుధ వ్యాపారి పశ్చాత్తాపం

ఐరన్ మ్యాన్ కథ 1963లో వెలువడినప్పుడు అతడు బందీ అయినది వియత్నాంలో. 2008లో చిత్రంగా వచ్చేసరికి ఆ స్థలం అఫ్ఘానిస్తాన్‌గా మారింది. అమెరికా యుద్ధాలు ఎక్కడికి వెళితే కథ కూడా అక్కడికే వెళ్ళిందన్నమాట. ఈ చిత్ర నిర్మాణానికి అమెరికా రక్షణ శాఖ సహకారం కూడా లభించింది.

అయినా ఈ చిత్రాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడం న్యాయం కాదు. తాను తయారు చేసిన ఆయుధాలే ముఠాల చేతుల్లో ఉండటం చూసి టోనీ స్టార్క్ నివ్వెరపోతాడు. తిరిగి వచ్చి, ఇకపై తన సంస్థ ఆయుధాలు తయారు చేయదని ప్రకటిస్తాడు. అది నిజమైన పశ్చాత్తాపమే. అయితే ఆ వెంటనే అతడు చేసే పనేమిటి? అన్నిటినీ మించిన ఆయుధాన్ని తన కోసం తయారు చేసుకుని, ఎవరి అనుమతీ లేకుండా సరిహద్దులు దాటి వెళతాడు. ఆయుధం చెడ్డది కాదు, అది మంచివాడి చేతిలో ఉంటే చాలు అన్నదే చిత్రం చెప్పే నీతి. మరి ఆ మంచివాడెవరో నిర్ణయించేదెవరు?

నిఘా నీడలో

అదే 2008లో విడుదలైన ‘ది డార్క్ నైట్’ ఈ ప్రశ్నను మరింత సూటిగా ముందుకు తెస్తుంది. ఒక హంతకుణ్ణి పట్టుకోవడం కోసం బ్యాట్‌మ్యాన్ నగరంలోని ప్రతి మొబైల్ ఫోన్‌నూ నిఘా సాధనంగా మార్చేస్తాడు. ఇంత అధికారం ఒక్క మనిషి చేతిలో ఉండకూడదని అతని సహచరుడు లూషియస్ ఫాక్స్ అభ్యంతరం చెబుతాడు. పని పూర్తయ్యాక ఆ యంత్రం ధ్వంసమైపోతుంది. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. కాని నిజ జీవితంలో ఏ ప్రభుత్వం తన నిఘా యంత్రాన్ని అంత సులభంగా వదులుకుంటుంది?

2014 ఏప్రిల్‌లో అమెరికాలో విడుదలైన ‘కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్’ దీనికి భిన్నమైన వైఖరి తీసుకుంది. భవిష్యత్తులో ప్రమాదకారులు కాగలరని యంత్రం లెక్కగట్టిన లక్షలాది మందిని ముందే చంపేసే పథకానికి కథానాయకుడు ఎదురు తిరుగుతాడు. నేరం చేయని వాణ్ణి శిక్షించడం రక్షణ కాదు, భయపెట్టడమే అన్నది అతని వాదన. సరిగ్గా ఆ నెలలోనే న్యూయార్క్ పోలీసులు మస్జిదులపైనా, ముస్లిం విద్యార్థి సంఘాలపైనా నిఘా పెట్టిన తమ విభాగాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు. ఆ నగర ముస్లిములకు ఈ కథ కల్పనగా అనిపించి ఉండదు.

ప్రతినాయకుని గాయం

ఈ చిత్రాల్లో మరీ ఆలోచింపజేసేది ప్రతినాయకుల సంకల్పం. 2018లో వచ్చిన ‘ఇన్ఫినిటీ వార్’లో థానోస్ విశ్వంలోని ప్రాణుల్లో సగాన్ని అంతం చేయాలనుకుంటాడు. వనరులు తక్కువ, నోళ్ళు ఎక్కువ అన్నది అతని తర్కం. 1798లో మాల్థస్ జనాభాపై రాసిన వాదనకు ఇది వికృత రూపం. అతడు తనను క్రూరుడిగా భావించడు, దయామయుడినే అనుకుంటాడు. సదుద్దేశమే సర్వస్వమని నమ్మేవారికి ఇది గొప్ప హెచ్చరిక. నియ్యత్ విలువ మన ఇళ్ళలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. కాని మంచి నియ్యత్ అన్యాయాన్ని న్యాయంగా మార్చజాలదన్న సంగతిని కూడా వారికి నేర్పాలి.

అదే ఏడాది ఏప్రిల్‌లో, దశాబ్దాల నిషేధం తర్వాత రియాద్‌లో తెరుచుకున్న థియేటర్‌లో తొలిసారి ప్రదర్శించిన చిత్రం ‘బ్లాక్ పాంథర్’. అందులో కిల్‌మాంగర్ అడిగే ప్రశ్న న్యాయమైనదే: లోకంలో నల్లజాతివారు అణగారిపోతుంటే సంపన్నమైన వకాండా తలుపులు మూసుకుని ఎందుకు కూర్చుంది? అతడు ఎంచుకున్న మార్గం మాత్రం రక్తపాతం. రాజు టి చల్లా అతణ్ణి ఓడిస్తాడు గాని ఆ ప్రశ్నను తోసిపుచ్చడు. తన దేశపు తలుపులు తెరుస్తాడు. శత్రువు నోట వచ్చినా సత్యం సత్యమేనని అంగీకరించడం అతని పిడికిలి కన్నా గొప్ప బలం.

ఇంట్లో వేయవలసిన ప్రశ్నలు

చిత్రాలను నిషేధించినంత మాత్రాన సమస్య తీరదు. టీవీ కట్టేస్తే ఫోన్ తెరుచుకుంటుంది. పిల్లల పక్కన కూర్చుని కొన్ని ప్రశ్నలు వేయడం మేలు. ఈ వీరుడు ఎవరికి జవాబుదారి? అతని పోరాటంలో కూలిన ఇళ్ళలో ఎవరున్నారు? అదే పనిని అతని శత్రువు చేస్తే మనం ఏమంటాము? ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’లో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి టోనీ స్టార్క్‌ను నిలదీసే దృశ్యాన్ని వారితో కలిసి చూడండి. రెండో ప్రశ్న ఎంత బరువైనదో వారికే అర్థమవుతుంది. జెర్సీ సిటీలోని పాకిస్తానీ కుటుంబపు అమ్మాయి కమలా ఖాన్ కథానాయికగా 2022లో వచ్చిన ‘మిస్ మార్వెల్’ను కూడా పరిచయం చేయవచ్చు. అమ్మీ, అబ్బూ అనే పిలుపులు అక్కడ ఒక మామూలు కుటుంబపు అనురాగంలో వినిపిస్తాయి.

మర్నాడు మేము మా పిల్లవాణ్ణి పిలిచి, ఆ గుహలోని మరొక మనిషిని గుర్తు చేశాము. స్టార్క్ ప్రాణం కాపాడినవాడు యిన్‌సెన్ అనే వైద్యుడు. అతడు ఆ ప్రాంతంలోని గుల్మీరా గ్రామస్థుడే. అప్పటికే కుటుంబాన్ని పోగొట్టుకున్న ఆ వైద్యుడు, స్టార్క్ తప్పించుకునేందుకు తన ప్రాణాన్ని అర్పించాడు. “ఆ గుహలో అందరికన్నా మంచివాడు కూడా అక్కడివాడే” అని చెప్పాము.

వాడు కాసేపు ఆలోచించి, “మరి ఆ డాక్టర్ పేరుతో సినిమా ఎందుకు తీయలేదు?” అని అడిగాడు.