మా కోడలి ముత్తాతగారి ఊరు

మా కోడలి ముత్తాత పోలెండు నుంచి చికాగో వచ్చాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. ఊరు పేరు ఎవరికీ తెలీదు. 1910 జనాభా లెక్కల్లో ఆయన పుట్టిన దేశం 'రష్యా' అని కనిపించేసరికి, "అయితే మేం పోలిష్ వాళ్ళం కాదా?" అని దిగులుపడింది. అదే గడిలో భాష 'పోలిష్' అని ఉంది చూడమన్నాను.

1795 నుంచి 1918 దాకా పటంలో పోలెండు అనే స్వతంత్ర దేశమే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి. అందుకే పూర్వీకులది ఎవరి వాటానో ముందు తెలియాలి. రికార్డుల భాష దాన్నిబట్టే ఉంటుంది. వార్సా చుట్టూ రష్యా ఏలిన భాగంలో 1868 నుంచి పుట్టుకలూ పెళ్ళిళ్ళూ రష్యన్ లిపిలో రాశారు. ఆస్ట్రియా వైపు చర్చి రిజిస్టర్లు ఎక్కువగా లాటిన్‌లో ఉంటాయి. ప్రష్యా వైపు 1874 నుంచి ప్రభుత్వ నమోదు జర్మన్‌లో సాగింది.

వెతుకులాట మాత్రం అమెరికాలోనే మొదలుపెట్టాలి. ఓడ ప్రయాణికుల జాబితాలు, 1906 తర్వాతి పౌరసత్వ పత్రాలు, పోలిష్ చర్చిల పెళ్ళి రిజిస్టర్లు చూడాలి. ఇక్కడి 'స్టాన్లీ' అక్కడ 'స్తానిస్వావ్' కావచ్చు. అన్న ఇంటిపేరు '-స్కీ' అయితే చెల్లెలిది '-స్కా' అవుతుంది.

మాకు చర్చి రిజిస్టర్లో ఊరు దొరికింది: నోవా వియెష్. అంటే 'కొత్త ఊరు'. మనకి కొత్తపల్లెలు ఎన్నో, వాళ్ళకి నోవా వియెష్‌లు అన్ని! ఏదని వెతుకుతాం?

ఆ చిక్కు విప్పింది తొంభై దాటిన వాళ్ళ అమ్మమ్మగారు. "మా నాన్న వాళ్ళు సంతకి ఓస్త్రోవెంకా వెళ్ళేవారట" అన్నారావిడ. అది రష్యా వాటాలోని పట్నం. ఇప్పుడు ఆ చుట్టుపక్కల చర్చిల రికార్డులు చూస్తున్నాం. స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసిన 'గెనెతెకా' సూచికా, పోలెండు ప్రభుత్వ ఆర్కైవ్స్ వెబ్‌సైటూ రెండూ ఉచితమే. రష్యన్ రికార్డుల్లో ఒకే సంఘటనకి రెండు తేదీలుంటాయి, కంగారుపడకండి. పాత, కొత్త క్యాలెండర్ల మధ్య అప్పట్లో 12 రోజుల తేడా.

మీ ఇంట్లోనూ ఇలాంటి కోడలో అల్లుడో ఉంటే, కంప్యూటర్ తెరిచేముందు వాళ్ళ పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఊరు పేరు గుర్తులేకపోయినా సంత, నది, చర్చి పేరు అడగండి. రిజిస్టర్లు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాయి.