ఇంటికొచ్చే ఫిజియో, మాలిష్: చెయ్యి వేసే ముందు చెప్పాల్సిన మాట

భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని ఆడవాళ్లు దాదాపు ప్రతి గల్లీలో ఉంటారు. నలభై దాటినవాళ్లలో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లలో ఈ ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువ. డాక్టర్ ఫిజియోథెరపీ రాస్తారు. ఇంటికి వచ్చేది మగ ఫిజియో. రెండు సిట్టింగులయ్యాక అమ్మీ “తగ్గిపోయింది, ఇక రావద్దని చెప్పు” అంటుంది. తగ్గి ఉండదు. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేదు. ఖర్చు మిగిలిందనుకునే ఇంట్లోవాళ్లు ఎందుకు వద్దందో మాత్రం అడగరు.

వచ్చింది మగమనిషి కావడం ఒక కారణమే. కానీ చాలాసార్లు అసలు ఇబ్బంది వేరే చోట ఉంటుంది. బట్ట ఎంతవరకు తీయాలి, చెయ్యి ఎక్కడ పెడతారు, ఎందుకు పెడతారు అన్నది ఎవరూ ముందుగా చెప్పరు. చంక దగ్గర కండరం పట్టుకోగానే మనిషి బిగుసుకుపోతుంది. అడగడానికి సిగ్గు, వద్దనడానికి మొహమాటం. చివరికి వైద్యమే ఆగిపోతుంది.

ఫిజియోథెరపీలోనైనా, మాలిష్‌లోనైనా వృత్తి నీతి ఇక్కడే మొదలవుతుంది. శిక్షణ పొందిన మనిషి మొదటి సిట్టింగ్‌లోనే “ఈరోజు భుజం వెనక ఎముక మీద, చంక పక్కన నొక్కుతాను, కొంచెం నొప్పి ఉంటుంది, వద్దంటే వెంటనే ఆపేస్తాను, సరేనా అమ్మా?” అని అడగాలి. సమాధానం వచ్చాకే చెయ్యి వెయ్యాలి. మొదటిరోజు చెప్పిన “సరే” పదో రోజుకి చెల్లదు. మధ్యలో “ఇక చాలు” అంటే చాలు అనే అర్థం. “ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకోండి” అని బతిమాలడం కూడా తప్పే. ముందుగా ఒప్పుకున్న వ్యాయామం వరకైతే వేరే సంగతి.

బట్టల విషయం కూడా అంతే. పని చేసే భాగం మాత్రమే తెరవాలి, మిగతాదంతా చాదర్‌తో కప్పి ఉంచాలి, ఆ భాగం అయిపోగానే దాన్నీ కప్పి ఇంకోదానికి పోవాలి. బట్ట సర్దుకునేటప్పుడు థెరపిస్టు గదిలోంచి బయటికి వెళ్లాలి. భుజానికి చేసే చాలా వ్యాయామాలు వదులుగా ఉండే కుర్తా మీదనే చేయొచ్చు. అదీ అడిగితేనే తెలుస్తుంది.

సతర్ గురించి పట్టింపు ఉన్న కుటుంబాలకి ఇది కొత్త విషయమేమీ కాదు. వైద్యం చేయడానికి ఆడవాళ్లకి ఆడమనిషి, మగవాళ్లకి మగమనిషి దొరికితే వాళ్లే ముందు. దొరకనప్పుడు అవసరం మేరకు సడలింపు ఉంది, ఆ అవసరం దాటి మాత్రం లేదు. ఆలిములు చెప్పే ఈ హద్దు, ఫిజియో కాలేజీలో నేర్పే హద్దు దాదాపు ఒకటే. పర్దా పేరుతో వైద్యం మానేసిన ఆమె, వైద్యం పేరుతో అన్నిటికీ తలూపిన ఆమె ఇద్దరూ అక్కర్లేని కష్టమే పడుతున్నారు.

తోడుగా ఒకరు కూర్చోవడం మంచి అలవాటు, కానీ కూర్చునే పద్ధతి ఉంది. తలుపు తెరిచి, కనిపించేలా కూర్చోవాలి. పేషెంట్‌ని అడిగిన ప్రశ్నకి కొడుకు జవాబు చెప్పకూడదు. పక్షవాతం వచ్చి మాట పోయిన నానాని చూడండి. కోడళ్లు, మనవరాళ్లు తిరిగే హాల్లోనే మంచం వేసి, లుంగీ పైకి జరిపి కాలికి మాలిష్ చేయిస్తారు. ఆయనకీ సిగ్గుంటుంది, చెప్పలేడంతే. కళ్లు మూస్తే అవును, తల తిప్పితే కాదు అని ముందే ఒక గుర్తు పెట్టుకుని, గుమ్మానికి పర్దా లాగితే సగం బాధ తీరుతుంది.

బాలింత మాలిష్ సంగతి ఇంకోలా ఉంటుంది. చిల్లా నలభై రోజులూ జచ్చాకి, బిడ్డకి నూనె పట్టించడానికి ఒక ఖాలా వస్తుంది. తరాలుగా నమ్మకస్తురాలు కాబట్టి ఆమెని ఎవరూ ఏమీ అడగరు. కానీ ఇప్పుడు ఎన్నో కాన్పులు ఆపరేషన్లే. కుట్లు మానకముందు, డాక్టర్‌ని అడగకుండా పొట్ట మీద నొక్కడం ప్రమాదం. కాన్పు తర్వాత ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. దాన్ని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకి చేరొచ్చు, ప్రాణం మీదకి వస్తుంది. అప్పుడు పిలవాల్సింది ఖాలాని కాదు, డాక్టర్‌ని. బిడ్డ చెవుల్లో, ముక్కులో నూనె పోయడమూ వద్దు. తన పని ఎక్కడ ఆగుతుందో తెలిసి ఉండటం ఈ వృత్తిలో పెద్ద నీతి. “షుగర్ మాత్ర మానెయ్యి, నా నూనెతో తగ్గుతుంది” అన్న మనిషి చెయ్యి ఎంత మంచిదైనా ఆ ఇంటికి అక్కర్లేదు.

ఆ ఖాలాకీ హద్దులున్నాయి. మాలిష్‌కి పిలిచి గిన్నెలు కడిగించడం, డబ్బులు ‘ఛట్టీ’ రోజున చూద్దామనడం, ఆమె ఉన్న గదిలోకి మగవాళ్లు చొరబడటం న్యాయం కాదు. ఒక ఇంటి కుట్ల కథ ఇంకో ఇంట్లో చెప్పడం ఆమె వైపు తప్పు. పేషెంట్ ఒంటి గురించి తెలిసింది అమానత్. ‘నా దగ్గర నడిచిన పేషెంట్’ అని ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకునే ఫిజియోకీ ఇదే వర్తిస్తుంది. అడక్కుండా ఫొటో తీయకూడదు.

యాప్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చే ఆడ థెరపిస్టుల్లో ముస్లిం ఇళ్ల ఆడపిల్లలూ ఉన్నారు. తెలియని ఇంట్లో, మూసిన గదిలో పని. కస్టమర్ వెకిలిగా మాట్లాడినా, మాలిష్‌కి సంబంధం లేనిది అడిగినా సిట్టింగ్ అక్కడితో ఆపి బయటికి వచ్చే హక్కు ఆమెకుంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఆఫీసులకే కాదు, పని మీద వెళ్లిన చోటుకీ, ఇంటికీ వర్తిస్తుంది. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట అయితే జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఎవరిని నమ్మాలన్నది తర్వాతి ప్రశ్న. ఫిజియోథెరపీని 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి తెచ్చారు. కాబట్టి వచ్చినవాళ్లని బీపీటీ డిగ్రీ ఉందా, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం అవమానమేమీ కాదు. మాలిష్ మాత్రమే చేసేవాళ్లకి దేశంలో అలాంటి లైసెన్స్ లేదు. బంధువులు ఎందరో ఉన్న అమెరికాలో పద్ధతి వేరు. టెక్సాస్‌లో మసాజ్ థెరపిస్టుకి రాష్ట్ర లైసెన్స్ ఉండాలి. స్త్రీ ఛాతీ భాగాన్ని తాకాలంటే ఆమె ముందుగా రాసి సంతకం చేసిన ఒప్పుకోలు కావాలి. ఇక్కడ కాగితం లేదు కాబట్టి నోటిమాటే కాగితమంత గట్టిగా ఉండాలి.

ఇన్ని చెప్పాక ప్రతి స్పర్శనీ అనుమానించడం మొదలుపెడితే అదీ చేటే. తుంటి ఆపరేషన్ తర్వాత తొడ పైభాగం దగ్గర చెయ్యి వెయ్యక తప్పదు. తేడా తెలిసేది వివరణలో. ఎందుకో చెప్పి, అడిగి, కప్పి చేసేది వైద్యం. అడిగితే చిరాకు పడటం, తోడున్న మనిషిని టీ పెట్టమని పదే పదే పంపించడం, తలుపు వెయ్యమనడం, రాత్రిళ్లు మెసేజ్‌లు పెట్టడం, “ఇది ఎవరికీ చెప్పకు” అనడం మాత్రం గట్టి హెచ్చరికలు. అప్పు అడగడం, ఖరీదైన కానుకలు తీసుకోవడం కూడా మంచి గుర్తులు కావు.

ఎవరైనా ఇంట్లో అలా జరిగిందని చెబితే మొదట వచ్చే మాట “మంచివాడే కదా, నీకే అలా అనిపించిందేమో”. ఆ ఒక్క మాటతో ఆడపిల్ల మళ్లీ నోరు తెరవదు. సిట్టింగ్ ఆపేసి, జరిగింది జరిగినట్టు తేదీతో సహా రాసి పెట్టుకోవాలి, మెసేజ్‌లు చెరిపేయకూడదు. అత్యవసరమైతే 112, మహిళలకి 181, పిల్లలకి 1098. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు, ఇలాంటి కేసుల్లో స్త్రీ ఇచ్చే సమాచారాన్ని మహిళా అధికారే నమోదు చేయాలి. బాధితులు 18 ఏళ్లలోపు వాళ్లయితే పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పకుండా దాచడం కూడా నేరమే.

చిన్న ఊళ్లలో లేడీ ఫిజియో దొరకడం కష్టమే. అలాంటప్పుడు ఫోన్‌లోనే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: ఇంట్లో ఆడతోడు ఉండే టైమ్‌కి రాగలరా, వ్యాయామాలు ముందు తన ఒంటి మీదే చేసి చూపిస్తారా, చెయ్యి వెయ్యక తప్పనివి ఏవి. తాడు, కప్పీతో చేసేవి, గోడ మీద వేళ్లు పాకించేవి, కర్ర పట్టుకుని చేసేవి చూసి నేర్చుకుంటే ఇంట్లో భాభీనో, కూతురో పక్కన నిలబడి రోజూ చేయించొచ్చు. ఆ మిగతా కొద్దిపాటికి ఫిజియో వారానికి ఒకటి రెండు సార్లు వస్తే ఎన్నో కేసుల్లో సరిపోతుంది. ఎవరికి ఎన్నిసార్లు అన్నది డాక్టర్‌ని అడిగి ఖాయం చేసుకోవాలి.