హోటలు బల్లయొద్ద చంటిబిడ్డ

ఆదివారమునాడు పిల్లలను వెంటబెట్టుకొని ఇడ్లీ హోటలుకు పోవుట మన పట్టణములలో చాలకాలముగా నున్న ముచ్చట. పాలరాతి బల్ల, పొగలు గ్రక్కు సాంబారు, డబరాలో నురుగు కాఫీ, అన్నియు పిల్లలకు వేడుకయే. చిక్కంతయు ఆ పొగలలో నున్నది.

60 డిగ్రీల వేడిగల నీరు పెద్దవారి చర్మమునే సుమారు 5 సెకండ్లలో లోతుగా కాల్చును. పసివారి చర్మము పలుచన గనుక అంత సేపును పట్టదు. అప్పుడే తెచ్చిన కాఫీ తరచు అంతకంటె వేడిగా నుండును. స్టీలు గ్లాసుకు పిడియైనను లేదు. మనము మాటలలో నుండగా ఒడిలోని బిడ్డ చేయి చాచును. ఇది వ్రాయుచున్న మేమును బిడ్డను ఒడిలో నుంచుకొని కాఫీ త్రాగినవారమే!

బిడ్డను సర్వరు నడచు దారివైపు గాక గోడవైపు కూర్చుండబెట్టవలెను. పిల్లల ఫలహారము ముగిసిన పిమ్మటనే కాఫీ తెప్పించుకొనుట మేలు.

ఒకవేళ ఒలికినచో వెంటనే తడిసిన బట్ట తొలగించి (చర్మమునకు అంటుకొన్నచో లాగరాదు), కాలినచోట కుళాయి చన్నీటిధార 20 నిమిషములు పడనీయవలెను. బిడ్డ యేడ్చును; చుట్టునున్నవారు తలకొక చిట్కా చెప్పుదురు. సిరా, వెన్న, టూత్‌పేస్టు, మంచుగడ్డ, ఏదియు వలదు. పిమ్మట శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి వైద్యునికి చూపవలెను.

చేతులు కడుగుకొను కుళాయి ఏ మూలనున్నదో, అందు నీరు వచ్చుచున్నదో లేదో, కూర్చుండకమునుపే చూచుకొనుడు.