చేవ లేని చెక్కకు చేవ

అమెరికా, కెనడాల్లో ఏ కలప అడితికి వెళ్ళినా ఒక మూల లేత ఆకుపచ్చ ఛాయ తిరిగిన పైన్ పలకలు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. ఒక్కో పలక చివర ఓ చిన్న ప్లాస్టిక్ చీటీ పిన్ను కొట్టి ఉంటుంది. చెక్కకు ఏ మందు పట్టించారో, ఎంత పట్టించారో, ఆ పలక నేలకు ఆనే చోట పనికొస్తుందో లేదో అందులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెరట్లో ఈతకొలను పెట్టించుకుని, దాని చుట్టూ చెక్క అరుగు వేయించుకునేవాళ్ళు చాలామంది ఆ చీటీని చదవకుండానే పీకి పారేస్తారు. ఆ అరుగునే అక్కడ డెక్ అంటారు. మిన్నెసోటా లాంటి మంచు రాష్ట్రంలో అది ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది చాలావరకు ఆ చీటీలోనే తేలిపోతుంది.

ఆ చీటీ వెనకున్న కథ మాత్రం మంచుదేశంలో మొదలవలేదు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో 1933లో మొదలైంది. మొదలుపెట్టిన రసాయన శాస్త్రవేత్త పేరు శొంఠి కామేశం. ఆ ఇంటిపేరు ఎవరిదో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

చలి కాదు, తడి

చలిదేశంలో చెక్కను చలే తినేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నీరు గడ్డకట్టే చలిలో చెక్క నిక్షేపంగా ఉంటుంది. చెక్కను చీకింపజేసేది శిలీంధ్రం, అంటే బూజు జాతి జీవి. దానికి గాలి, కాస్త వెచ్చదనం, కడుపునిండా తడి కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే దానికి బతుకు లేదు. 30 శాతం దాటితే పండగే. మంచు పడ్డన్నాళ్ళూ అది నిద్రపోతుంది, చావదు.

కొలను పక్క డెక్‌కు ఏడాదిలో రెండుసార్లు తడి తప్పదు. వేసవిలో పిల్లలు నీళ్ళలోంచి పైకెక్కిన ప్రతిసారీ బిందెడు నీళ్ళు పలకల మీద పడతాయి. చలికాలమంతా మంచు దుప్పటిలా పరుచుకుని, మార్చి, ఏప్రిల్ నెలల్లో పగలు కరుగుతూ రాత్రి గడ్డకడుతూ వారాల తరబడి నానబెడుతుంది. పలక పైభాగం తొందరగానే ఆరిపోతుంది. ప్రమాదమంతా చివర్లలో, స్క్రూ దిగిన చోట, పలక దూలం మీద ఆనిన సందులో. చెట్టు బతికుండగా వేరు నుంచి ఆకు దాకా నీరు మోసిన గొట్టాలే పలక పొడవునా ఉంటాయి. వాటి నోళ్ళు తెరుచుకునేది కోసిన చివర్లలో. అక్కడ పడ్డ చుక్కను చెక్క లోపలికి పీల్చేసుకుంటుంది.

మన ఊళ్ళ వడ్రంగి దూలం కొనేటప్పుడు ముందు చూసేది చేవ. టేకులో నడిమి చెక్క ముదురు రంగు తిరిగి ఉంటుంది. చెట్టు ముదిరేకొద్దీ అక్కడి కణాలు చచ్చి, పురుగుకూ బూజుకూ గిట్టని పదార్థాలతో నిండిపోతాయి. ఆ సొంత విషమే చేవ. ఉత్తర అమెరికాలో సీడర్‌కు, రెడ్‌వుడ్‌కు అలాంటి చేవ ఉంది, ధరా అలాగే ఉంది. చవగ్గా, త్వరగా పెరిగే పైన్‌లో ఎక్కువ భాగం చేవ పట్టని పైచెక్కే. తడిలో వదిలేస్తే రెండు మూడేళ్ళలో వేలితో గుచ్చితే దిగిపోతుంది. అలాంటి చెక్కకు బయటి నుంచి చేవ పట్టించగలమా అన్నదే ఈ కథలో అసలు ప్రశ్న.

నిలవని మందులు

19వ శతాబ్దంలో రైళ్ళు వచ్చాక ఈ ప్రశ్న తీవ్రమైంది. పట్టాల కింద పరిచే చెక్క స్లీపర్లు, టెలిగ్రాఫ్ స్తంభాలు లక్షల్లో చీకిపోయేవి. ఇంగ్లండ్‌లో కయాన్ 1832లో పాదరస లవణాన్ని పట్టించాడు. 1838లో జాన్ బెథెల్ పేటెంట్ పొందిన పద్ధతి ఈనాటికీ నడుస్తోంది. చెక్కను ఉక్కు గొట్టంలోకి తోసి, తలుపు బిగించి, ముందు లోపలి గాలిని లాగేస్తారు. చెక్క కణాల్లోని గాలి కూడా బయటికొస్తుంది. ఆ ఖాళీ గొట్టంలోకి మందు వదిలి, చదరపు అంగుళానికి 150 పౌన్ల దాకా ఒత్తిడి పెడతారు. కారు టైరులో ఉండే ఒత్తిడికి ఇది నాలుగు రెట్ల పైమాటే. గాలి పోయిన ప్రతి కణంలోకీ మందు దూరుతుంది.

బెథెల్ వాడిన మందు బొగ్గు తారు నుంచి తీసే క్రియోసోట్. గట్టిదే, కానీ నల్లగా జిడ్డోడుతూ కంపుకొడుతుంది. దాని మీద రంగు నిలవదు, ఒట్టికాళ్ళతో నడవలేం. స్లీపర్‌కు సరిపోతుంది, ఇంటి అరుగుకు పనికిరాదు.

ఇంకో దారి నీళ్ళలో కరిగే లవణాలు. వాటిలో రాగి లవణం, అంటే మన మైలుతుత్తం, బూజుకు యముడు. తోటలున్న రైతులకు దీని సంగతి బాగా తెలుసు. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా కొడితే తెగులు ఆగుతుంది. పెద్ద వాన కురిసిందా, మళ్ళీ కొట్టాలి. చెట్టుకైతే మళ్ళీ కొట్టగలం. డెక్ కింద మట్టిలో పాతిన గుంజకు రెండోసారి ఎవరు కొడతారు? నీళ్ళలో కరిగి చెక్కలోకి వెళ్ళిన లవణం, నీళ్ళలో కరిగే బయటికొచ్చేస్తుంది. లోపలికి వెళ్ళేటప్పుడు కరగాలి, వెళ్ళాక కరగకూడదు. చిక్కుముడి అక్కడుంది.

మూడు లవణాల కూడిక

కామేశం అంతకుముందు జర్మన్ శిలీంధ్ర శాస్త్రవేత్త రిచర్డ్ ఫాక్‌తో కలిసి ఆర్సెనిక్‌నూ డైక్రోమేట్‌నూ కలిపి చూశాడు. తర్వాత అందులోకి రాగిని తెచ్చాడు. ఒక పాలు ఆర్సెనిక్ పెంటాక్సైడ్, మూడు పాళ్ళు మైలుతుత్తం, నాలుగు పాళ్ళు డైక్రోమేట్. ఆర్సెనిక్, రాగి రసాయన సంకేతాలు రెండూ కలిపి దానికి పెట్టిన పేరు యాస్క్యూ. అమెరికాలో 1938లో పేటెంట్ వచ్చింది. తర్వాత ప్రపంచమంతా దాన్ని క్రోమియం, కాపర్, ఆర్సెనిక్‌ల తొలి అక్షరాలతో సీసీఏ అన్నది.

ఈ కూడికలో ఎవరి పని వాళ్ళకుంది. రాగి బూజును చంపుతుంది. రాగికి లొంగని మొండి బూజుల్నీ, చెదల్నీ ఆర్సెనిక్ చూసుకుంటుంది. క్రోమియం ఎవరినీ చంపక్కర్లేదు, కాపలా కాస్తే చాలు. ద్రావణంలో ఉన్నప్పుడు అది నారింజ రంగు డైక్రోమేట్. చెక్క లోపలికి వెళ్ళాక అక్కడి చక్కెరలు, లిగ్నిన్ దాన్ని క్షయకరించి ఆకుపచ్చ క్రోమియంగా మార్చేస్తాయి. మారుతూ మారుతూ అది రాగినీ ఆర్సెనిక్‌నూ పట్టుకుని, నీళ్ళలో కరగని రూపంలో కణాల గోడలకు అతుక్కుపోతుంది. అంటే తాళం వేసేది చెక్కే. సీసీఏ పట్టిన పలక మీద కనిపించే లేత పచ్చదనం ఆ తాళం పడిందన్న గుర్తు.

అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల 1938 నుంచి మిసిసిపీలోని సోసియర్ దగ్గర ప్రయోగ వనంలో చెక్క మేకులు నేలలో పాతి చూస్తూ వచ్చింది. మందు లేని పైన్ మేకులు రెండు మూడేళ్ళకే పుచ్చిపోయిన ఆ వెచ్చని తడినేలలో, సీసీఏ బాగా పట్టిన మేకులు దశాబ్దాల పాటు నిలిచాయి. 1970ల నుంచి పచ్చచెక్క అమెరికా పెరళ్ళను ఆక్రమించింది. డెక్కులు, పిల్లల ఉయ్యాల చట్రాలు, కంచెలు, అన్నీ అదే. 1990ల్లో అమెరికా వాడిన ఆర్సెనిక్‌లో దాదాపు 90 శాతం చెక్కకే పోయేదంటే అది ఎంతగా పాకిందో ఊహించవచ్చు.

తాళం వదులైన చోట

తాళం పూర్తిగా పడాలంటే వెచ్చదనం కావాలి. ఎండాకాలం రోజుల్లో జరిగే పని, గడ్డకట్టే చలిలో వారాల తరబడి సాగదు. అందుకే చలిదేశాల కర్మాగారాలు పలకల్ని వేడి గదుల్లో మగ్గబెట్టేవి. మంచి తాళమైనా నూటికి నూరుపాళ్ళు కాదు. కొద్దికొద్దిగా ఆర్సెనిక్ వానతో కిందికి జారి మట్టిలో చేరేది, ఆ చెక్క మీద ఆడుకున్న పిల్లల అరచేతులకు అంటేది. ఆ పలకల్ని పొయ్యిలో పెడితే బూడిదంతా విషమే. చెక్కను కాపాడిన గుణమే ఇంటివాళ్ళకు భయమైంది.

2002 ఫిబ్రవరిలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, తయారీదార్లు ఒక ఒప్పందానికి వచ్చారు. 2003 డిసెంబర్ 31 తర్వాత ఇళ్ళ కలపకు సీసీఏ పట్టించడం ఆగిపోయింది. స్తంభాలకు, వంతెనల లాంటి పెద్ద పనులకు ఇంకా వాడుతున్నారు. డెహ్రాడూన్ కూడికలోంచి ఆర్సెనిక్, క్రోమియం తప్పుకున్నాయి, రాగి మిగిలింది. ఏసీక్యూ, కాపర్ అజోల్ అన్న ఇప్పటి మందులు రాగి మీదే ఆధారపడ్డవి. ఆర్సెనిక్ పని చెయ్యడానికి వేరే కర్బన మందులు తోడు వచ్చాయి.

కాపలాదారు వెళ్ళిపోయిన లోటు ఇంకోచోట బయటపడింది. మందులో రాగి పాలు పెరిగింది, దాన్ని పట్టి ఉంచే క్రోమియం లేదు. తడి చెక్కలో రాగికి ఇనుము తగిలితే ఇనుము తుప్పుపడుతుంది. పలకలు గట్టిగానే ఉండగా వాటిని పట్టుకున్న మేకులు సన్నబడటం మొదలైంది. అందుకే ఇప్పుడు కరిగిన జింకులో ముంచిన స్క్రూలు, బిగింపు పట్టీలు కావాలంటారు, లేకపోతే స్టెయిన్‌లెస్ స్టీలు. కొలను నీళ్ళలోని క్లోరిన్, ఉప్పు కూడా ఉక్కును కొరుకుతాయి కనక నీటి పక్కన 316 రకం స్టీలు మేలు.

నేల ఎత్తేస్తే

చెక్కకు చేవ పట్టిందనే అనుకుందాం. అయినా మిన్నెసోటాలో ఏప్రిల్ వచ్చేసరికి కొలను కంచె తలుపు మూసుకోకపోవచ్చు. గడియ నాలుక గాడిలోకి దిగదు, ఒక గుంజ అంగుళం పైకి లేచి ఉంటుంది. పసిపిల్లలు నీళ్ళ దగ్గరికి పోకుండా కనీసం 48 అంగుళాల ఎత్తు కంచె, దానంతటదే మూసుకునే తలుపు ఉండాలని అక్కడి చాలా ఊళ్ళ నిబంధనలు అడుగుతాయి. గడియ పడని తలుపు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి నేల లేచిందని చెప్పుకోవడం తేలిక. సౌత్ కరోలినా విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ 1929, 1930ల్లో ప్రచురించిన ప్రయోగాలు ఆ లెక్కను తలకిందులు చేశాయి. మట్టిని నీటితో కాక బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి లేచింది! లేపింది ఉబ్బు కాదు. గడ్డకట్టే చోటికి కింది నుంచి తడి పైకి పాకి, పొర మీద పొరగా మంచు పేరుకుంటుంది. నేలంతా అలా పలచని మంచు పలకలతో నిండి పైకి లేస్తుంది. ఇసుకలో సందులు పెద్దవి, తడి పైకి ఎగబాకలేదు. జిగురు బంకమట్టిలో నెమ్మదిగా పాకుతుంది. మెత్తని ఒండ్రుమట్టిలో పాకుడూ ఉంటుంది, వేగమూ ఉంటుంది. గుంజకు అదే గండం.

దీనికి మందు లేదు, గొయ్యే దారి. మిన్నెసోటా నిబంధనల ప్రకారం పునాది రాష్ట్రం దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తర భాగంలో 60 అంగుళాలు దిగాలి. మంచు అంత లోతుకు చేరదని లెక్క. గడ్డకట్టిన మట్టి కాంక్రీటు పక్కల్ని పట్టుకుని కూడా పైకి లాగుతుంది. అందుకే నున్నటి అట్ట గొట్టంలో కాంక్రీటు పోస్తారు, అడుగున వెడల్పు పాదం ఉంచుతారు. నేల మీద ఉత్తినే పెట్టే కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టి డెక్‌ను ఇంటి గోడకు బిగిస్తే, నేలతో పాటు ఒక కొస లేస్తుంది, గోడతో పాటు రెండో కొస కదలకుండా నిలుస్తుంది. దూలం మెలితిరుగుతుంది. నేల పైన నిలిచే కొలను చట్రానికీ డెక్‌కూ మధ్య సందు వదిలేది కూడా ఇందుకే. రెండూ కదులుతాయి, కానీ కలిసి కదలవు.

చీటీ చదివాక

ఇక ఎంపిక. చీటీ మీద యూసీ 4ఏ అని ఉంటే నేలకు ఆనే చోట వాడవచ్చు, 3బీ అయితే నేలకు పైనే. నేలకు దగ్గరగా ఉండి, తర్వాత మార్చడం కష్టమయ్యే దూలాలకూ 4ఏ కొనడం మంచిది. మందు తడి ఆరని పలకల్ని ఒకదాని పక్కన ఒకటి ఆనించి బిగించవచ్చు. ఆరేకొద్దీ కుంచించుకుని వాటికవే సందు ఇస్తాయి. ముందే ఆరిన పలకలకు మాత్రం సందు మనమే వదలాలి.

చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసే కాంపోజిట్ పలకలు తొందరగా చీకవు, రంగు అడగవు. కానీ ఎండలో ఒట్టికాళ్ళకు చురుక్కుమంటాయి. చలికి, వేడికి పొడవు మారుతాయి కనక బిగించిన రోజు ఉష్ణోగ్రతను బట్టి చివర్ల సందు లెక్కగట్టాలి. పైన కాంపోజిట్ పరిచినా కింద మోసే దూలాలు దాదాపు ఎప్పుడూ ఆ పచ్చచెక్కే. కాంక్రీటు పోయిస్తే చలిదేశానికి సన్నని గాలి బుడగలు కలిపినదే పోయించాలి. గడ్డకట్టే నీటికి లోపల చోటు ఉండాలి. కొలను నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం వాలు ఉంచితే నీరు నిలవదు.

అన్నీ కొన్నాక రంపం పనిలోకి దిగుతుంది. డగ్లస్ ఫర్ లాంటి చెక్కలోకి మందు లోతుగా దిగదు. ఒంటినిండా చిన్న చిన్న గాట్లు పెట్టి పట్టించినా లోపలి భాగం మందు పట్టకుండానే మిగులుతుంది. పైన్‌లోనూ నడిమి చెక్క మందు తాగదు. పలకను కోసిన ప్రతిసారీ ఆ తాగని భాగం బయటపడుతుంది, దాంతో పాటు గొట్టాల నోళ్ళు తెరుచుకుంటాయి. అందుకే అడితిలో పచ్చచెక్కతో పాటు డబ్బాలో ఆకుపచ్చ కాపర్ నాఫ్తనేట్ కూడా అమ్ముతారు. కోసిన మొనను ఒక్కోటీ తిప్పి, కుంచెతో అది తాగినంత పూయాలి. పూయకపోతే ఏప్రిల్ మంచు కరిగి పడే మొదటి చుక్క, మందు పట్టని ఆ చెక్కలోకి నేరుగా దిగుతుంది.