జనవరి మూడో సోమవారం: సెలవులో సేవ

మార్టిన్ లూథర్ కింగ్ పేరిట అమెరికా పాటించే మూడు రోజుల సెలవులో కుటుంబానికి, ఇరుగుపొరుగుకు, సేవకు సమానంగా చోటుంది. సంక్రాంతి కూడా ఆ దరిదాపుల్లోనే రావడంతో అక్కడి తెలుగువారికి అది పండగ వారాంతం కూడా.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో సమాఖ్య సెలవులు, అంటే కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు చట్టసభ చట్టం ద్వారా నిర్ణయించిన సెలవులు, ఒక వ్యక్తి గౌరవార్థమో ఒక సంఘటన స్మరణకో మరో సందర్భానికో ఏర్పడినవి. వాటిలో జాతీయ సేవాదినంగా కూడా చట్టం గుర్తించినది జనవరి మూడో సోమవారం ఒక్కటే. పౌరహక్కుల ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జయంతిగా పాటించే ఈ రోజు శని, ఆదివారాలతో కలిసి మూడు రోజుల విరామమవుతుంది. ఇంటిల్లిపాదీ కలిసి గడపడం, పొరుగువారితో పండగ చేసుకోవడం ఏ సెలవులోనైనా ఉండేవే. పరిచయం లేనివారి కోసం కొన్ని గంటలు శ్రమించడం వాటికి తోడైనప్పుడు విశ్రాంతికి నిండుదనం వస్తుందని ఈ సెలవు చరిత్ర చాటుతుంది.

పదిహేనేళ్ల పట్టుదల

1929 జనవరి 15న అట్లాంటాలో జన్మించిన కింగ్, పారిశుధ్య కార్మికుల సమ్మెకు అండగా మెంఫిస్ నగరానికి వెళ్లి, అక్కడే 1968 ఏప్రిల్ 4న హత్యకు గురయ్యారు. నాలుగు రోజులకే ప్రతినిధుల సభ సభ్యుడు జాన్ కాన్యర్స్ ఆయన జయంతిని సెలవుగా ప్రకటించాలని బిల్లు ప్రతిపాదించినా, 1979లో ఓటింగుకు వచ్చినప్పుడు అది ఆమోదానికి అవసరమైన ఓట్లకు ఐదు తక్కువై వీగిపోయింది. కింగ్ సతీమణి కొరెట్టా స్కాట్ కింగ్ సాగించిన ప్రచారం, గాయకుడు స్టీవీ వండర్ 1980లో వెలువరించిన జన్మదిన గీతం, లక్షలాది మంది సంతకాలు చేసిన విజ్ఞాపనలు ప్రజాభిప్రాయాన్ని కూడగట్టగా, 1983 నవంబరు 2న అధ్యక్షుడు రీగన్ చట్టంపై సంతకం చేశారు. 1986 జనవరి 20న దేశం తొలిసారి ఈ సెలవును పాటించింది.

జయంతి 15వ తేదీ అయినా సెలవు సోమవారానికి మారడానికి కారణముంది. కుటుంబాలు కలుసుకోవడానికి, ప్రయాణాలకు వీలు కలిగేలా, వారం మధ్యలో పనులు ఆగకుండా ఉండేలా, 1968లో చేసిన ఒక చట్టం పలు సెలవులను 1971 నుంచి సోమవారాలకు జరిపింది; కింగ్ సెలవుకూ అదే పద్ధతి వర్తించింది.

చట్టం కోరిన శ్రమ

ఈ రోజును సేవకు కేటాయించాలన్న ఆలోచన 1994లో చట్టరూపం దాల్చింది. దాన్ని ప్రతిపాదించిన ఇద్దరిలో జాన్ లూయిస్ ఉద్యమంలో కింగ్‌తో కలిసి నడిచినవారు. హారిస్ వొఫర్డ్ యువకుడిగా భారతదేశంలో పర్యటించి గాంధీజీ మార్గాన్ని అధ్యయనం చేసినవారు. అదే మార్గాన్ని తెలుసుకోవడానికి కింగ్ స్వయంగా 1959లో భారతదేశానికి వచ్చారు. సేవకూ పౌరహక్కుల ఉద్యమానికీ ఉన్న బంధం ఇంకా పాతది: వర్ణవివక్షకు నిరసనగా 1955 డిసెంబరులో మొదలై 381 రోజులు సాగిన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ నిలబడింది, పొరుగువారు తమ కార్లలో ఒకరినొకరు పనులకు చేరవేసుకోవడం వల్ల, చర్చిలు వాహనాలు సమకూర్చడం వల్ల, వేలాది మంది కాలినడకను ఎంచుకోవడం వల్ల. ఆ శ్రమను స్మరించడానికి ఉపన్యాసం కన్నా శ్రమే తగిన మార్గమన్న ఆలోచన ఈ చట్టానికి ఊపిరి.

సేవాదినాన జరిగే పనులు సాదాసీదావి. ఫుడ్ బ్యాంకు అంటే దుకాణాలు, రైతులు, దాతల నుంచి ఆహారాన్ని సేకరించి నిల్వచేసే పెద్ద గోదాము. అక్కడి నుంచి సరుకు ఫుడ్ పాంట్రీలనే చిన్న పంపిణీ కేంద్రాలకు చేరి, అవసరమున్న కుటుంబాలకు అందుతుంది. గోదాములో డబ్బాల మీది తేదీలు చూడటం, పాడైనవి ఏరివేయడం, మిగిలినవి పెట్టెల్లో సర్దడం పిల్లలూ పెద్దల పక్కన నిలబడి చేయగల పనులు. చలి, జబ్బుల వల్ల రక్తనిల్వలు తరిగే జనవరిలో రక్తదానానికి విలువ ఎక్కువ. ఇంటి ముందు కాలిబాట మీద పేరుకున్న మంచును ఇంటివారే తొలగించాలని నియమమున్న నగరాల్లో, వృద్ధులైన పొరుగువారి వాకిట పార పట్టుకోవడం ఏ సంస్థా పిలవకుండానే చేయదగిన సేవ.

సంక్రాంతితో కలిసిన వేళ

సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే పండగ 14న గానీ 15న గానీ వస్తుంది. మూడో సోమవారం 15కూ 21కీ నడుమ పడుతుంది. 2024లో రెండూ ఒకే రోజున వచ్చాయి. పనిదినాన పండగ వచ్చినా అక్కడి తెలుగువారికి ఈ వారాంతం కలిసివస్తుంది: పసివారికి భోగిపళ్లు పోయడం, బొమ్మల కొలువు పేరంటం, అరిసెలు, సకినాలు పొరుగిళ్లకు పంచడం తీరికగా సాగుతాయి. కొత్త ధాన్యం ఇంటికి చేరేటప్పుడు ఇతరుల వాటా తీయడం తెలుగు నేలకు తెలిసిన ధర్మమే. హరిదాసు అక్షయపాత్రలో బియ్యం పోయడం, కళ్లం దగ్గరే వృత్తిపనివారికి మేర, అంటే ఆనవాయితీగా రావలసిన ధాన్యపు వాటా, కొలవడం అందులోవే. అయితే మేర కులవృత్తుల అంతరాలతో ముడిపడిన ఏర్పాటు. కింగ్ పేరిట జరిగే సేవ మనుషులందరూ సమానులన్న సూత్రం మీద నిలుస్తుంది కనుక, అందులో ఇచ్చేవారి ఆధిక్యానికి తావుండకూడదు.

ఆ సమానత్వం ఆచరణలో నిలవాలంటే, సేవచేసేవారు తమకు నచ్చిన పనిని కాక పొందేవారు అడిగిన పనిని ఎంచుకోవాలి. ముందుగా పేరు నమోదు చేసుకుని, చెప్పిన వేళకు వెళ్లి, అప్పగించిన పనిని పూర్తిచేయాలి. సోమవారంతో ఆకలి తీరిపోదు కాబట్టి, జనవరిలో గోదాముకు తరలివచ్చిన కుటుంబాల్లో కొన్నైనా ఫిబ్రవరిలో, ఎండాకాలంలో మళ్లీ రావడం అవసరం. ఈ సెలవు ఒక తలుపు తెరుస్తుంది. ఏడాది పొడవునా అందులో అడుగుపెట్టే బాధ్యత సెలవును ఆనందంగా గడిపిన ప్రతి కుటుంబానిదీ.