ఫోటోల తేదీలన్నీ కలిసిపోయాయా? పైథాన్‌తో వరస పెట్టే పద్ధతి ఇదీ

కొత్త ఫోన్ కొన్నారు. పాత ఫోన్‌లో ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి, అక్కణ్ణుంచి కొత్త ఫోన్‌లోకి వేశారు. గ్యాలరీ ఓపెన్ చేస్తే ఐదేళ్ల ఫోటోలు ‘ఈ రోజు’ అనే ఒక్క హెడ్డింగ్ కింద కుప్పపోసినట్టు కనబడుతున్నాయి. ఫోటోలు పోలేదు, వరస పోయింది. వేల ఫోటోల్లో వరస పోయిందంటే కావాల్సిన ఫోటో ఉన్నా లేనట్టే కదా.

మా అక్క వాళ్ళింట్లో సరిగ్గా ఇదే అయింది. వాళ్ళ మామయ్యగారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఆల్బమ్ వేయిద్దామని, ఆయన ఉన్న ఆఖరి సంక్రాంతి ఫోటోలు వెతికి పెట్టమని నన్ను అడిగింది. భోగి మంట దగ్గర మనవణ్ణి ఎత్తుకుని నిలబడ్డ వీడియో ఒకటి ఉండాలట. ఫోల్డర్ చూస్తే పదకొండు వేల పైచిలుకు ఫైళ్ళు, అన్నిటికీ ఒకటే తేదీ. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే వారం పడుతుంది. అందుకని చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. ఈ ఎపిసోడ్‌లో దాని వెనకున్న లాజిక్ చెప్తాను. కోడ్ కంటే లాజిక్కే ముఖ్యం ఇక్కడ. ఎందుకంటే లాజిక్ తప్పితే ఎర్రర్ రాదు, ఫోటో చప్పుడు లేకుండా తప్పు ఫోల్డర్‌లోకి పోతుంది.

ముందు ఒక విషయం అర్థం చేసుకోండి. ఒక ఫోటోకి తేదీ ఒక చోట ఉండదు, మూడు చోట్ల ఉంటుంది. ఒకటి, ఫైల్ లోపల. కెమెరా క్లిక్ అవగానే ఫోటోతో పాటు ఎగ్జిఫ్ అనే చిన్న చీటీ కూడా రాస్తుంది. ఏ మోడల్ కెమెరా, ఫ్లాష్ వేశామా లేదా, లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఎక్కడ తీశాం, ఏ రోజు ఎన్ని గంటలకి తీశాం, ఇవన్నీ అందులో ఉంటాయి. ఇది 1990ల్లో జపాన్‌లో డిజిటల్ కెమెరాల కోసం తయారైన పద్ధతి, ఇప్పటికీ మన ఫోన్లు అదే వాడుతున్నాయి. రెండోది ఫైల్ పేరు. చాలా ఫోన్లు పేరులోనే 20230114 అని తేదీ పెట్టేస్తాయి. మూడోది ఫైల్ మోడిఫైడ్ డేట్, అంటే ఆ ఫైల్‌ని స్టోరేజ్‌లో చివరిసారి ఎప్పుడు రాశారు అన్నది.

ఎగ్జిఫ్ తేదీ దొరకనప్పుడు చాలా గ్యాలరీ యాప్‌లు ఈ మూడోదాని మీద ఆధారపడతాయి. అదేమో ఫోటో ఎప్పుడు తీశారో చెప్పదు. ఎలా కాపీ చేశామన్నదాన్ని బట్టి, డౌన్‌లోడ్ చేసిన టైమ్‌ని బట్టి మారిపోతూ ఉంటుంది. నన్నడిగితే దాన్ని అసలు నమ్మొద్దు. నా స్క్రిప్ట్‌లో మొదట ఎగ్జిఫ్ చూస్తాను, అది లేకపోతే పేరు చూస్తాను, పేరులో కూడా లేకపోతే ‘తేదీ తెలియదు’ అనే ఫోల్డర్‌లో పడేస్తాను. తప్పు తేదీ కంటే తెలియని తేదీ నయం, దాన్ని కనీసం మన కళ్ళతో చూసి సరిచేసుకోవచ్చు.

ఇప్పుడు వాట్సాప్ సంగతి. మన ఫోటోల్లో సగం అక్కణ్ణుంచి వచ్చినవే కదా. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గించడమే కాదు, లోపలున్న ఎగ్జిఫ్ చీటీ కూడా తీసేస్తుంది. ప్రైవసీ పరంగా చూస్తే అది మంచిదే, మన ఇంటి లొకేషన్ గ్రూపులన్నిటికీ పోకుండా. కానీ తేదీ కూడా దాంతోపాటే పోతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ ఫైల్ పేరు ఐఎంజీ, తర్వాత తేదీ, తర్వాత డబ్ల్యూఏ, తర్వాత 0007 లాంటి ఒక నంబర్, ఇలా ఉంటుంది. ఆ తేదీ ఫోటో తీసిన తేదీ కాదు, మీ ఫోన్‌కి వచ్చిన తేదీ. జనవరిలో తీసిన పండగ ఫోటోని బాబాయి మార్చిలో తీరిగ్గా గ్రూప్‌లో పెడితే, పేరులో మార్చే ఉంటుంది.

అలాగని ఆ తేదీ పనికిరాదని కాదు. ‘ఈ ఫోటో ఆ రోజుకి ముందో, ఆ రోజో తీసింది, ఆ తర్వాత మాత్రం తీసింది కాదు’ అన్నంతవరకు గ్యారంటీగా చెప్తుంది. అందుకే పేరులో డబ్ల్యూఏ ఉన్నవాటిని నేను కెమెరా ఫోటోలతో కలపను. ప్రతి నెల ఫోల్డర్‌లోనూ ‘వాట్సాప్’ అని విడిగా ఇంకో ఫోల్డర్ పెట్టి అందులో వేస్తాను. అక్క వాళ్ళ సంక్రాంతి ఫోటోల్లో కొన్ని ఇలాగే మార్చి ఫోల్డర్‌లో దొరికాయి. ఇకముందు ఎవరినైనా ఫోటో పంపమంటే డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. అలా పంపితే ఒరిజినల్ ఫైల్ ఒరిజినల్ లాగే వస్తుంది, తేదీతో సహా.

సరే, కోడ్‌లోకి వద్దాం. పైథాన్‌లో ఫోటోలు చదవడానికి పిల్లో అనే లైబ్రరీ ఉంది. కంప్యూటర్ లేదంటే ఫోన్‌లో టర్మక్స్ వేసుకుని కూడా చేయొచ్చు. కాకపోతే పదివేల ఫైళ్ళంటే కంప్యూటరే హాయి.

ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. ఎగ్జిఫ్‌లో ప్రతి వివరానికీ ఒక నంబర్ ఉంటుంది. ఫోటో తీసిన అసలు టైమ్ నంబర్ 36867. పిల్లోలో గెట్ ఎగ్జిఫ్ అని పిలిచి ఆ నంబర్ అడిగితే, చాలాసార్లు నన్ అని వస్తుంది. ‘నా ఫోటోల్లో తేదీ లేదు’ అనుకుని వదిలేస్తారు. తేదీ ఉంది. కాకపోతే అది పై అరలో లేదు, లోపలి అరలో ఉంది. ఆ లోపలి అర నంబర్ 34665. ముందు గెట్ ఐఎఫ్‌డీ అని ఆ అర తెరిచి, అప్పుడు 36867 అడగాలి. పై అరలో 306 అని ఇంకో తేదీ కనిపిస్తుంది, అదే కదా అని వాడేయకండి. అది ఫోటో ఫైల్‌ని చివరిసారి మార్చిన టైమ్. ఎడిటింగ్ యాప్‌లో క్రాప్ చేసి సేవ్ చేస్తే అది మారిపోవచ్చు.

తేదీ వచ్చాక దాని రూపం కూడా కొంచెం వింతగా ఉంటుంది. సంవత్సరం, నెల, రోజు మధ్య డ్యాష్‌లు కాకుండా కోలన్లు ఉంటాయి, 2023:01:14 అని. కాబట్టి ఎస్‌టీఆర్‌పీటైమ్‌కి ఇచ్చే ఫార్మాట్‌లో కూడా కోలన్లే రాయాలి. చిన్న ఎం అంటే నెల, పెద్ద ఎం అంటే నిమిషం, ఇవి తారుమారైతే కొన్ని ఫోటోలు చిత్రమైన నెలల్లోకి పోతాయి. కొన్ని ఫోటోల్లో తేదీ మొత్తం సున్నాలే ఉంటుంది. అక్కడ స్క్రిప్ట్ ఎర్రర్ కొట్టి మధ్యలో ఆగిపోకుండా ట్రై, ఎక్సెప్ట్ పెట్టి, అలాంటివాటిని ‘తేదీ తెలియదు’లోకి పంపండి.

ఇక టైమ్ జోన్. నాకు బాగా ఆసక్తిగా అనిపించింది ఇదే. ఎగ్జిఫ్‌లో ఫోటో టైమ్ అంటే ఆ కెమెరా గడియారంలో అప్పుడు ఎంతైందో అంతే. ఏ దేశపు టైమో చెప్పే గది 2016 దాకా ఆ పద్ధతిలోనే లేదు. ఎంపీ4 వీడియో అలా కాదు. దాని లోపల టైమ్‌ని యూటీసీలో రాయాలన్నది రూల్, అంటే మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక. ఇప్పుడు లెక్కేయండి. జనవరి 14న తెల్లవారుజామున నాలుగున్నరకి భోగి మంట దగ్గర ఒక ఫోటో తీశారు, వెంటనే ఒక వీడియో తీశారు. ఫోటో 14న ఉంటుంది. వీడియో మాత్రం 13న రాత్రి 11 గంటలు అని ఉంటుంది. అక్క వాళ్ళు వెతుకుతున్న వీడియో కూడా 13వ తేదీలోనే కూర్చుని ఉంది! తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం పెట్టుకున్న పెళ్ళిళ్ళకీ ఇదే గతి, తాళి కట్టే వీడియో ముందు రోజు రాత్రికి పోతుంది.

పిక్సెల్ ఫోన్లలో ఇంకో మెలిక ఉంది. వాటిలో ఫైల్ పేరులో ఉండే టైమ్ కూడా యూటీసీనే. పేరు పీఎక్స్ఎల్‌తో మొదలైతే ఐదున్నర గంటలు కలపాలి. శామ్‌సంగ్ లాంటివాటి పేర్లలో ఉండేది లోకల్ టైమే, దానికి కలపకూడదు. వీడియోల మీద ఈ ఐదున్నర గంటలు గుడ్డిగా కలిపేయకుండా, టైమ్ మీకు ఖాయంగా గుర్తున్న ఒక వీడియో తీసుకుని ముందు సరిచూసుకోండి. డాలస్‌లో ఉన్న అన్నయ్య పంపిన పండగ ఫోటోలైతే అక్కడి గడియారం ప్రకారం ఉంటాయి, చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. వాటిని మన టైమ్‌లోకి మార్చాలా అంటే, వద్దనే నేనంటాను. వాళ్ళింట్లో సాయంత్రం తీసిన ఫోటో సాయంత్రం లాగే ఉండనివ్వండి.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వచ్చాం, కాస్త జాగ్రత్తగా వినండి. ఫోటోలకి తేదీ, టైమ్‌తో కొత్త పేర్లు పెడుతున్నాం. పిల్లలు పరిగెడుతుంటే బర్స్ట్ మోడ్‌లో ఒకే సెకండ్‌లో ఐదు ఫోటోలు పడతాయి, ఐదింటికీ ఒకటే పేరు వస్తుంది. విండోస్‌లో పైథాన్ రీనేమ్ చేయబోతే, ఆ పేరుతో ఫైల్ ఉంది అని ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. లైనక్స్‌లో, అంటే టర్మక్స్‌లో కూడా, ఏ ఎర్రరూ రాదు. కొత్తది పాతదాని మీద కూర్చుంటుంది. నాలుగు ఫోటోలు పోయి ఒకటి మిగులుతుంది, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. కాబట్టి పేరు పెట్టే ముందు ఆ పేరుతో ఫైల్ ఉందేమో చూసి, ఉంటే చివర 01, 02 అని కలపండి. ఉత్త 1, 2 అని వేస్తే పేర్ల వరసలో 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది.

ఇంకో జాగ్రత్త, మూవ్ చేయకండి, కాపీ చేయండి. షట్‌యుటిల్‌లో కాపీ2 అని ఉంది, అది మోడిఫైడ్ డేట్‌ని కూడా అలాగే ఉంచడానికి ప్రయత్నిస్తుంది. అంతకంటే ముందు, కాపీ లైన్‌ని కామెంట్‌లో పెట్టి, ఏ ఫైల్ ఎక్కడికి వెళ్తుందో ప్రింట్ మాత్రమే చేయించండి. ఆ లిస్ట్‌లో ఒక ఇరవై ఫోటోలు అక్కడక్కడా తెరిచి చూడండి. చివర్లో మొత్తం ఎన్ని ఫైళ్ళు చదివాం, ఎన్ని కాపీ అయ్యాయి అని లెక్క కూడా చూడండి. జేపీజీ అని పెద్ద అక్షరాల్లో ఉన్న ఫైళ్ళని, ఐఫోన్ హెచ్‌ఈఐసీ ఫైళ్ళని స్క్రిప్ట్ వదిలేసి ఉంటే ఆ లెక్కలోనే బయటపడుతుంది.

కోడ్ రాయడం ఇష్టం లేనివాళ్ళకి ఫిల్ హార్వే తయారుచేసిన ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. 2003 నుంచి ఉన్నది, ఈ పనులన్నీ ఒక్కో కమాండ్‌తో చేస్తుంది. పాత డిజిటల్ కెమెరా గడియారం తప్పుగా ఉండి ఫోటోలన్నీ ఒకే తేడాతో వెనక్కి పడి ఉంటే, అన్నిటినీ ఒకేసారి ముందుకి జరపడానికి దానికంటే సులువైనది నాకు తెలిసి లేదు.

గూగుల్ ఫోటోస్ వాడేవాళ్ళకి రెండు మాటలు. 2021 జూన్ 1 నుంచి అన్‌లిమిటెడ్ ఫ్రీ ఆగిపోయింది, జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ అన్నీ కలిపి 15 జీబీ. అది నిండి టేకౌట్ ద్వారా అన్నీ దింపుకుంటే, ఫోటోల పక్కన జేసన్ ఫైళ్ళు కూడా వస్తాయి. చెత్త అనుకుని డిలీట్ చేయకండి. మీరు యాప్‌లో సరిచేసిన తేదీలు వాటిలోనే ఉంటాయి, ఫోటో టేకెన్ టైమ్ అనే పేరు కింద, సెకండ్ల లెక్కలో, అదీ యూటీసీలో.

చివరగా డూప్లికేట్లు. అచ్చంగా ఒకేలా ఉన్న ఫైళ్ళని పట్టుకోవడం తేలిక. ముందు సైజు సమానంగా ఉన్నవి పక్కన పెట్టి, వాటికి మాత్రమే ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్ లెక్కేస్తే టైమ్ చాలా ఆదా అవుతుంది. హ్యాష్ కలిసిందంటే రెండూ ఒకటే ఫైల్, ఒకటి తీసేయొచ్చు. కానీ ఒరిజినల్ ఫోటో, దాని వాట్సాప్ కాపీ మన కంటికి ఒకటే అయినా ఫైళ్ళుగా వేరు, ఈ హ్యాష్ కలవదు. దానికి డీహ్యాష్ అనే పద్ధతి ఉంది. ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసి, 9 అడ్డం 8 నిలువు చుక్కలకి కుదించి, పక్కపక్క చుక్కల్లో ఏది వెలుతురో చూస్తే 64 జవాబులు వస్తాయి. రెండు ఫోటోల జవాబుల్లో తేడా నాలుగైదుకి మించకపోతే దాదాపు ఒకటే ఫోటో.

ఆ ‘దాదాపు’ని మాత్రం డిలీట్‌కి కలపకండి. ఫోన్‌తో తీసిన మార్కుల మెమోలు, పట్టాదార్ పాస్‌బుక్ పేజీలు, ఆసుపత్రి రిపోర్టులు అన్నీ తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలే. 72 చుక్కలకి కుదిస్తే టెన్త్ మెమో, ఇంటర్ మెమో ఒకటే అనిపించొచ్చు. అందుకే నా స్క్రిప్ట్ పోలికలు ఉన్నవాటిని పక్కపక్కన ఒక ఫోల్డర్‌లో పెట్టి ఆగిపోతుంది. ఒరిజినల్ ఏదో, కాపీ ఏదో సైజు చూస్తే తెలిసిపోతుంది, డిలీట్ బటన్ మాత్రం నేనే నొక్కుతాను.