బట్టతల మందులు: ఇంట్లో దాచకూడని మాట

ఒక జుమా నాడు నాంపల్లి బాగె ఆమ్‌లోని షాహీ మస్జిద్‌లో నమాజు ముగించి వస్తూండగా, ఒకప్పుడు మా వద్ద చదువుకొన్న యువకుడు సలాము చేసి మమ్మల్ని పక్కకు పిలిచాడు. వయసు ముప్పై లోపే. టోపీ తీస్తే నడినెత్తి పలచబడి ఉంది.

"మౌలానా సాబ్, దీనికి మందు వాడితే అల్లాహ్ సృష్టిని మార్చినట్లవుతుందా?" అని అడిగాడు.

బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉన్న ముగ్గురి వృత్తాంతాన్ని మేము గుర్తు చేశాము. కుష్ఠరోగి, బట్టతలవాడు, అంధుడు. ముగ్గురి వద్దకూ దైవదూత వచ్చాడు. బట్టతలవాడు మంచి జుట్టు కోరాడు, లభించింది. తరువాత తన వెనుకటి స్థితిని కాదని, యాచకుణ్ణి వెళ్లగొట్టి అనుగ్రహాన్ని పోగొట్టుకొన్నాడు. అతని తప్పు జుట్టు కోరటం కాదు, కృతఘ్నత. అందుకే పోయిన జుట్టుకు చికిత్స ధర్మసమ్మతమేనని పండితులు అన్నారు. పరుల వెంట్రుకలు అతికించుకోవటం మాత్రం నిషిద్ధం.

అతను ఊరట చెంది జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. ఆబిడ్స్‌లో వైద్యుని చీటీ లేకుండా కొన్న ఫినాస్టరైడ్, 5 మిల్లీగ్రాములది. చవకగా వస్తుందని ఒక్కో మాత్రను నాలుగు ముక్కలు చేసి వాడుతున్నాడట.

"ముక్కలు ఎవరు చేస్తారు?"

"మా ఇంటావిడే. బలం మాత్రలని చెప్పాను." కాసేపాగి, "ఆమెకిప్పుడు మూడో నెల" అన్నాడు.

ఆ సాయంత్రమే అతణ్ణి వెంటబెట్టుకొని మాకు తెలిసిన చర్మవైద్యుని వద్దకు వెళ్లాము. ఆయన వివరించినది పాఠకులకూ అవసరమే. పురుష హార్మోను ఒక ఎంజైము వల్ల డీహెచ్‌టీగా మారి, వంశపారంపర్యంగా బట్టతల వచ్చేవారిలో వెంట్రుకల కుదుళ్లను కుంచింపజేస్తుంది. ఫినాస్టరైడ్ ఆ మార్పును అడ్డుకొంటుంది. అమెరికాలో 1992లో ప్రోస్టేటు వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో జుట్టుకు 1 మిల్లీగ్రాము మాత్రగా దీనికి అనుమతి లభించింది. అయితే గర్భస్థ మగశిశువు జననాంగాలు ఏర్పడటానికి ఆ డీహెచ్‌టీయే కావాలి. కనుక విరిగిన, పొడి అయిన మాత్రలను గర్భిణులు తాకరాదు. వాడే పురుషుల్లో కొందరికి కోరిక తగ్గటం, మనసు కుంగటం ఉండవచ్చు. మానిన తరువాత నెల దాకా రక్తదానం చేయరాదు.

మరో మందు మినాక్సిడిల్. రక్తపోటు మాత్రగా వాడుతున్నప్పుడు ఒంటిపై వెంట్రుకలు పెరగటం గమనించి పైపూతగా మార్చారు. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. రాసిన తరువాత దాదాపు నాలుగు గంటలు తల తడపరాదు కనుక ఫజ్ర్, ఇషా నమాజుల తరువాత అనువు. అందులోని స్పిరిట్ గురించి సందేహమెందుకంటే, ద్రాక్ష, ఖర్జూరాలతో తయారుకానిదైతే పైపూతకు హనఫీ పండితులు పలువురు అనుమతించారు. మొదటి వారాల్లో జుట్టు మరింత రాలవచ్చు. ఫలితానికి నాలుగు నెలలైనా ఓర్పు కావాలి. ఏ మందైనా ఆపితే, నిలిచిన జుట్టు మళ్లీ పోతుంది.

ఆ రాత్రే భార్యకు నిజం చెప్పి, ఆమెను చూస్తున్న వైద్యురాలికీ తెలపమని వైద్యుడు ఆదేశించాడు. యువకుడు తల దించుకొన్నాడు. "ఆమె ఏమనుకొంటుందో" అన్నాడు.

"బట్టతల ఆమె రోజూ చూస్తున్నదే నాయనా, చూడనిది నీ మాటలోని అబద్ధమే" అన్నాము.

సోదరులారా! చికిత్స చేసుకోండి, వైద్యుని సలహాతో. కాని భార్యకు చెప్పలేని మందును ఇంట్లోకి తేకండి. ఆ శిశువును అల్లాహ్ క్షేమంగా ఉంచుగాక. ఆమీన్.